కాలి ఎముకల క్లిష్టభగ్నములు: లోహశలాకాస్థాపన చికిత్స

తొడయెముకయు, మోకాలికి దిగువనుండు అంతర్జంఘికయు మానవదేహభారమును నేలకు చేరవేయు ప్రధానాస్థులు. ఇవి విరిగినపుడు, అందును పెక్కు తునుకలై గాని, చర్మమును చీల్చుకొని వెలికి వచ్చి గాని, కీళ్లకు సమీపమున గాని విరిగినపుడు, పైకట్టుతోను విశ్రాంతితోను వంకర లేకుండ, పొట్టిపడకుండ అతుకుకొనుట దుర్లభము. అట్టి భగ్నములయందు శస్త్రవైద్యుడు ఎముక నడుమనుండు మజ్జాకుహరములోనికి పొడవైన లోహశలాకను చొప్పించి, ఆ శలాక రెండుకొనలయందలి రంధ్రములగుండ ఎముకకు అడ్డముగా మరమేకులు బిగించి, విరిగిన ఖండములను సరియైన పొడవునను సరియైన దిశయందును నిలిపియుంచును. ఆసుపత్రి వరండాలలో రోగి బంధువులు 'కాలికి రాడ్డు వేసినారు' అని చెప్పుకొనునది ఈ చికిత్సనే. ఎముక ఉపరితలమున లోహఫలకమును పరచి స్క్రూలతో బిగించుట, అనగా ప్లేటు వేయుట, ఇంకొక పద్ధతి. చర్మము వెలుపల చట్రమును నిలిపి కడ్డీలతోను తీగలతోను ఎముకను పట్టియుంచుట మూడవది. ఈ వ్యాసమునకు శలాకాస్థాపనమే ప్రధానవిషయమైనను, తక్కిన రెంటి ప్రసక్తి లేక దాని గుణదోషములు బోధపడవు.

విరిగిన ఎముకను అతికించు శక్తి ఏ లోహమునకును లేదు. విరిగినచోట చేరిన రక్తము గడ్డకట్టి, అందు జీవకణములు ప్రవేశించి, మొదట మెత్తనిదియు పిమ్మట గట్టిదియు నగు నూతనధాతువు నిర్మించుకొని, నెలల తరబడి దానిని చెక్కుచు దిద్దుచు ఎముకయే తన్ను తాను పూర్వరూపమునకు తెచ్చుకొనును. ఈ పనికంతటికిని ఆధారము రక్తప్రసారము. దీర్ఘాస్థి గోడ మందములో లోపలి రెండువంతులకు మజ్జాకుహరములోని ధమనులును, వెలుపలి వంతునకు ఎముకను కప్పియుండు పలుచని పొరలోని నాళములును రక్తము నందించును. ఎముక విరుగుటతోనే లోపలి ధమనులు తెగును. ఆపైన వెలుపలి పొర కూడ చినిగినచో ఖండము శుష్కించును. ఇట్లుండగా అడుగు వేసిన ప్రతిసారియు లోపలి లోహము కంటికి కనబడనంత వంగి మరల సాగుచుండును. లక్షలసారులు అట్లు వంగిన పిదప మిక్కిలి బలమైన ఉక్కునకైనను పగులు పుట్టక మానదు. ఎముక అతుకుట ముందా, లోహము విరుగుట ముందా అను ఈ పందెమున ఎముకను గెలిపించుటయే ఈ శస్త్రచికిత్సయందలి కౌశలమంతయు. ఏడాది తిరుగునప్పటికి విరిగిన రాడ్డుతో ఆసుపత్రికి వచ్చిన రోగి విషయమున జనులు సరకు నాసిదని నిందింతురు. చాలమట్టుకు అక్కడ ఎముక అతుకలేదు, అందువలననే లోహము విరిగినది.

ప్రాచీనులు ఈ విషయమున అజ్ఞులు గారు. సుశ్రుతసంహిత ఎముక కాండము విరుగుటను పండ్రెండు విధములుగను, కీలు తొలగుటను ఆరు విధములుగను విభజించి, లాగుట, అదుముట, చేర్చుట, కట్టుట అను నాలుగు క్రియలను విధించినది. మర్రి, రావి, మేడి, మోదుగు మొదలగు చెట్ల పట్టలను, వెదురు బద్దలను కట్టునకు వాడుమనియు, చలికాలమున ఏడుదినములకును, సమకాలమున ఐదుదినములకును, ఎండకాలమున మూడుదినములకును కట్టు మార్చుమనియు చెప్పినది. తొడయు పిక్కయు విరిగినవానిని పలకపై పరుండబెట్టి, కాలు కదలకుండ ఐదుచోట్ల మేకులు నాటి బంధించు కపాటశయనమును గూడ వర్ణించినది. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురు బద్దలు సాధనములుగా చిత్తూరుసీమలోని పుత్తూరు కట్టు నేటికిని తెలుగు, తమిళ దేశములనుండి జనులను రప్పించుకొనుచున్నది. పిల్లల ఎముకలును, స్థానము తప్పక చిట్లిన పెద్దల ఎముకలును అట్టి కట్టులో అతుకుటలో ఆశ్చర్యము లేదు. తొడయెముక తునుకలైనపుడు మాత్రము చుట్టునున్న బలిష్ఠమైన కండరములు రెండు ఖండములను ఒకదానిపై నొకటి ఎక్కునట్లు లాగును; ఎంత బిగించి కట్టినను పైకట్టు ఆ లాగుడును ఎదుర్కొనజాలదు, మఱింత బిగించినచో రక్తము నిలిచి పాదము కుళ్లు ప్రమాదము కలదు.

కండరముల ఈ లాగుడునకు పాశ్చాత్యవైద్యులు మొదట కనుగొన్న విరుగుడు ఎదురులాగుడు. లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ కల్పించిన లోహపు చట్రమును, అతని మేనల్లుని వరుసవాడగు రాబర్ట్ జోన్సు మొదటి ప్రపంచయుద్ధమున రణరంగమునకు చేర్చెను. తుపాకిగుండ్లకు తొడయెముక విరిగిన సైనికులలో నూటికి ఎనుబదిమంది వరకు మరణించుచుండిన స్థితి పోయి, మరణములు నూటికి ఇరువదికి దిగెనని నాటి లెక్కలు చెప్పుచున్నవి. అయినను ఆ లాగుడు చికిత్సయం దుండు బాధ రోగికే తెలియవలెను. మోకాలి దిగువ ఎముకగుండ కడ్డీ గ్రుచ్చి, బరువులు వ్రేలాడదీసి, పది పండ్రెండు వారములు వెల్లకిల పరుండవలెను. ఆ కాలమున వీపుపుండ్లు, ఊపిరితిత్తుల వాపు, సిరలలో నెత్తురుగడ్డలు, మోకాలు బిగిసిపోవుట సహజముగా వెంటనంటుచుండెను.

ఎముకను కోసి తెరచి సరిచేయవలెనన్న మరి రెండు సాధనములు కావలసివచ్చెను. మొదటిది చీముపట్టకుండ చేయు విద్య. 1865 ఆగస్టు 12వ తేదీన గ్లాస్గో నగరములో, బండిచక్రము ఎక్కి ఎడమకాలి ఎముక చర్మము చీల్చుకొని విరిగిన జేమ్స్ గ్రీన్‌లీస్ అను పదునొకండేండ్ల బాలుని గాయమునకు జోసెఫ్ లిస్టరు కార్బాలికామ్లముతో తడిపిన గుడ్డను కట్టెను. అట్టి గాయములకు కాలు తీసివేయుటయే నాటి మర్యాద. ఆ బాలుడు ఆరువారములకు ఎముక అతుకుకొని రెండు కాళ్లతోను ఇంటికి పోయెను. రెండవ సాధనము 1895లో రాంట్‌గెన్ కనుగొన్న ఎక్స్-కిరణము. ఈ రెండును లభించిన పిదపనైనను మజ్జాకుహరములో లోహము దిగవేయుటకు సాహసించినవారు కొలదిమంది. బ్రిస్టల్ నగరవాసి హే గ్రోవ్సు మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికుల తొడయెముకలలో లోహపుకడ్డీలు దూర్చిచూచెను గాని, చీము పట్టుటచేతను, నాటి లోహము దేహమునకు పొసగకపోవుటచేతను ఆ ప్రయత్నము నిలువలేదు.

నిలిపినవాడు గెర్హార్డ్ క్యూంచర్. 1900లో జర్మనీయందలి త్స్వికావు పట్టణమున జన్మించి, కీల్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో పనిచేయుచుండిన ఈతనికి, బోస్టను వైద్యుడు స్మిత్-పీటర్సన్ తొడయెముక మెడకు వాడిన మూడురెక్కల మేకు మార్గము చూపినది: విరిగిన మెడను లోపలనుండి మేకు పట్టగలిగినపుడు పొడవైన కాండమును మాత్రము ఏల పట్టరాదని అతడు యోచించెను. 1939 నవంబరులో అతడు మొదటిసారిగా మనుష్యుని తొడయెముకలో తుప్పుపట్టని ఉక్కుశలాకను దింపెను. 1940 మార్చిలో బెర్లినులో జరిగిన జర్మను శస్త్రవైద్యుల సభయందు ఆ పద్ధతిని వివరించెను. మజ్జ రక్తకణముల జన్మస్థానము గనుక దానిని పాడుచేయరాదనియు, క్రొవ్వు రక్తములో కలిసి ఊపిరితిత్తులకు ఎక్కుననియు పలువురు ఆక్షేపించిరి. రెండవ ఆక్షేపణలో సత్యము కలదు. నేటికిని అది వైద్యులను కలవరపెట్టు ప్రశ్నయే. యుద్ధము ముదిరి క్యూంచర్ ఫిన్లండునకు సైనికవైద్యుడుగా పంపబడగా, ఆ విద్య ఫిన్ వైద్యులకును అబ్బెను. జర్మను చెరనుండి తిరిగివచ్చిన అమెరికను సైనికుల తొడలలో ఎక్స్-రేకు చిక్కిన పొడవాటి ఉక్కుకడ్డీలను చూచి అచటి వైద్యులు నివ్వెరపోయిరి. 1945లో టైమ్ వారపత్రిక ఆ వింతను ప్రకటించినది.

క్యూంచర్ శలాక గొప్పదనము దాని ఉక్కులో కన్న, అది ప్రవేశించు మార్గములో నున్నది. విరిగినచోటును అతడు తెరువలేదు. తొడపైభాగమున, భగ్నమునకు దూరముగా చిన్నకోత కోసి, అచటినుండి శలాకను కుహరముగుండ దింపెను. కావున విరిగినచోట చేరిన నెత్తురుగడ్డయు, ఖండములనంటియున్న కండరములును, వెలుపలి పొరయు యథాస్థానమున నిలిచి ఎముక అతుకు పనికి తోడ్పడినవి. శలాక ఎముక నడిమధ్యమున ఉండుటచే శరీరభారమును ఎముకతో పంచుకొనును. ఒకప్రక్కనుండు ఫలకమువలె వంగుడు నంతయు తానే భరించదు. 1958లో స్విట్జర్లండులో మారిస్ మ్యుల్లరు మొదలగువారు స్థాపించిన ఏ.ఓ. సంఘము ఎముకలను తెరచి, తునుకలన్నిటిని బొమ్మను కూర్చినట్లు కూర్చి, ఫలకములతో గట్టిగా బిగించు విద్యను ఒక శాస్త్రముగా పెంచినది. ఆ సంఘము పరికరములకును బోధనకును తెచ్చిన క్రమశిక్షణ మిక్కిలి గొప్పది. కాని తునుకలను కూర్చుటకై వానికి రక్తమునిచ్చు పొరలను ఒలిచివేయుట వలన పెక్కు కాళ్లలో ఎముక చచ్చి చీము పట్టెననుటయు నిజము. కాండము విరిగిన పెద్దవారి తొడయెముకకు నేడు లోకమంతటను శలాకయే మొదటి ఎన్నిక యగుటకు కారణ మిదియే.

అయితే క్యూంచర్ శలాకకు మరమేకులు లేవు. చీలిక గలిగి మూడాకుల ఆకారమున నుండిన ఆ గొట్టము, సాగుగుణముచే కుహరపు గోడలను ఒత్తి పట్టుకొనును. కుహరము మిక్కిలి సన్నగా నుండు నడిభాగమున అడ్డముగా విరిగిన ఎముకకే అది చాలును. ఎముక పెక్కు తునుకలైనపుడు శలాకపై ఖండములు జారి కాలు పొట్టియగును. కుహరము వెడల్పైన కొనలయందు విరిగినపుడు ఖండము గిరగిర తిరుగును. క్యూంచరే తన చివరి దినములలో శలాకకు రంధ్రములు పెట్టి అడ్డముగా మేకులు బిగించు ఉపాయమును సూచించెను. 1972లో ఆయన మరణించెను. అదే దశకమున ఫ్రాంక్‌ఫర్టులో క్లెమ్, షెల్‌మాన్ అను వైద్యులును, స్ట్రాస్‌బూర్గులో గ్రోస్, కెంఫ్ అనువారును దానిని ఆచరణయోగ్యముగా తీర్చిదిద్దిరి. ఈ మరమేకుల శలాకతోనే క్లిష్టభగ్నములకు శలాకాచికిత్స నిజముగా ఆరంభమైనది. సియాటిల్ నగరమున విన్‌క్విస్టు, హాన్సెన్, క్లాసను అనువారు విరిగినచోటును తెరువక వేసిన 520 తొడశలాకలను గూర్చి 1984లో ప్రకటించిన నివేదికలో నూటికి తొంబదితొమ్మిది ఎముకలు అతికినట్లున్నది. రెండుకొనల మేకులు బిగించినచో ఖండములు కదలక అతుకుట ఆగునేమో యను భయము మొదట ఉండెడిది. రెండుమూడు నెలలకు ఒకకొన మేకులను తీసివేసి ఖండములను ఒరయనిచ్చు ఆచారము అందుండి పుట్టినది. బాల్టిమోరు వైద్యులు 1988లో చూపిన ఫలితములతో ఆ భయము తీరినది, ఆ ఆచారము అవసరమైన కొందరికే పరిమితమైనది.

శస్త్రచికిత్స జరుగు తీరును కొంత దగ్గరగా చూతము. రోగిని లాగుడుబల్లపై నుంచి, సి-ఆర్మ్ అను ఎక్స్-రే యంత్రపు తెరపై చూచుచు, కాలిని లాగి త్రిప్పి ఖండములను ఎదురెదురుగా తెత్తురు. తొడకైనచో తుంటిప్రక్కనుండు గుబ్బయొక్క కొననుండి గాని దాని లోపలి గుంటనుండి గాని, అంతర్జంఘికకైనచో మోకాలిచిప్ప స్నాయువు సమీపమున ఎముక పైయంచునుండి గాని కుహరమునకు త్రోవ చేయుదురు. ఈ త్రోవ అర అంగుళము తప్పినను తరువాతి పనియంతయు వంకరపోవును. అనుభవజ్ఞులు సగము శ్రద్ధ ఇచటనే వెచ్చింతురు. కొనయందు చిన్న గుండ్రని గుబ్బగల తీగను భగ్నము దాటించి అవతలి ఖండములోనికి నడిపి, దానిమీదుగా తురిమెడి పరికరములను అరమిల్లీమీటరు చొప్పున హెచ్చించుచు త్రిప్పుదురు. పరికరము గట్టిగోడను తాకినప్పుడు చేతికి గరగర యను అదురు తెలియును. ఆ అదురు తెలిసిన కొలతకు మించి ఒక మిల్లీమీటరో ఒకటిన్నరయో తురిమి, అంతకు తగ్గిన వ్యాసముగల శలాకను దింపుదురు.

పైకొన మేకులకు శలాకకే తగిలించిన చట్రము గురి చూపును. క్రిందికొన మేకులకు అట్టి సౌలభ్యము తక్కువ, ఏలయన ఎముక వంపుననుసరించి శలాక దారిలో కొద్దిగా వంగియుండును. కావున సి-ఆర్మ్‌ను అటునిటు కదల్చుచు, తెరపై కోడిగ్రుడ్డువలె కనబడు రంధ్రము పూర్ణవృత్తముగా కనబడువరకు సరిచేసి, ఆ వృత్తము నడుమ డ్రిల్లు మొనను నిలిపి, దానిని కిరణము దిశకు సరిగా ఎత్తి తొలుతురు. కొత్తగా నేర్చువానికి శస్త్రచికిత్స మొత్తములో ఎక్కువ కాలమును, ఎక్కువ కిరణప్రసారమును ఇచ్చటనే వ్యయమగును.

కుహరమును తురుముట మేలా, కీడా అను వాదము చిరకాలము సాగినది. తురిమినచో లోపలి రక్తనాళములు నశించును, కాని కొన్ని వారములకు తిరిగి మొలచును. ఈలోగా వెలుపలి పొరలోని ప్రసారము పెరుగును. తురిమిన పొడి విరిగినచోట చేరి ఎముక మొలకకు విత్తనమగును. అన్నిటికిని మించి లావుపాటి శలాక పట్టును. కడ్డీ వంగక నిలుచు బిగువు దాని వ్యాసముయొక్క నాలుగవ ఘాతము ననుసరించి పెరుగును గనుక ఒక్క మిల్లీమీటరు భేదము స్వల్పము గాదు. అంతర్జంఘికలను గూర్చి పన్నెండువందలమందికి పైగా రోగులతో జరిగిన 'స్ప్రింట్' పరీక్ష 2008లో వెలువడి, చర్మము చినుగని భగ్నములయందు తురిమినవారికే మరల శస్త్రచికిత్స అవసరము తక్కువయనియు, చినిగినవానియందు భేదము లేదనియు తేల్చినది.

ఇక క్లిష్టస్థానముల మాట. తుంటిక్రింది భాగమున తొడయెముక విరిగినపుడు పైఖండమును కండరములు ముందునకు వంచి, ప్రక్కకు తీసి, వెలుపలికి త్రిప్పును. లోపలితొడ కండరములు క్రిందిఖండమును లోనికి లాగును. లాగుడుబల్ల ఎంత లాగినను ఈ వంకర పోదు. పైఖండమును పట్టి సరిచేసిన తరువాతనే శలాకకు త్రోవ చేయవలెను, శలాకయే సరిచేయునని నమ్మి దింపినచో వంకర శాశ్వతమగును. అంతర్జంఘిక పై మూడవవంతులోను ఇదే చిక్కు: మోకాలు వంచగానే ముందుతొడ స్నాయువు పైఖండమును ఎత్తివేయును. దీనికి మోకాలిచిప్ప పైనుండి, కాలు దాదాపు చాపియుంచి శలాక దించు నూతనమార్గము వచ్చినది. కుహరము వెడల్పుగా నున్నచోట శలాక ప్రక్కన అడ్డుమేకులు పెట్టి దారిని ఇరుకుచేయు ఉపాయమును జర్మను వైద్యుడు క్రెట్టెక్ 1990 దశకమున ప్రచారము చేసెను. చీలమండకు దగ్గర విరిగినపుడు క్రిందిఖండమున మేకులకు తావు కొలదిగా నుండును గనుక శలాకకును ఫలకమునకును నడుమ ఎన్నిక ఈనాటికిని వివాదాస్పదము. వృద్ధుల తుంటివిరుగుళ్లకు మెడలోనికి పెద్దమేకు పోవు పొట్టిశలాకలు ప్రత్యేకముగా కలవు. పిల్లలకు, పెరుగుదలకు మూలమైన కొనలను తాకకుండ, ఫ్రాన్సులోని నాన్సీ నగరమున రూపొందిన వంగెడి సన్నశలాకలు జతగా వాడుదురు.

అన్నిటికన్న కఠినము చర్మము చినిగిన అంతర్జంఘిక. దీని లోపలివైపు ముఖమునకు చర్మము తప్ప కప్పు లేదు. దిగువభాగమున కండరములు స్నాయువులుగా సన్నగిలుటచే రక్తమును తక్కువ. రహదారి ప్రమాదములలో మోటారుసైకిలు నడుపువారికి మొదట దెబ్బ తగులునదియు ఇదియే. గస్టిలో, ఆండర్సన్ అను అమెరికను వైద్యులు 1976లో ఈ గాయములను మూడు తరగతులుగా విభజించిరి. మూడవ తరగతిని 1984లో మఱి మూడుగా చీల్చిరి, అందు చివరిది రక్తనాళము తెగి సరిచేయవలసినది. ఇట్టి గాయములయందు రోగాణునాశకౌషధము ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు. చచ్చిన కండరమును, మట్టిపట్టిన తునుకలను నిర్దాక్షిణ్యముగా కోసివేసి, అవసరమైన మరల మరల కడిగి, ఎముకను స్థిరపరచి, వేరొకచోటి మాంసచర్మములతో త్వరగా కప్పవలెను. ల్యుబ్లియానా వైద్యుడు గొడీనా ఈ కప్పుట డెబ్బదిరెండు గంటలలో జరిగినచో ఫలితములు మేలని 1986లో చూపెను. మా యెరుకలో ఈ గాయములు చెడుటకు శలాక ఎన్నికలోని లోపము కంటె కోసివేయుటలో చూపిన మొగమాటమే తరచు హేతువు. ఎముక అంగుళములకొలది పోయినచో శలాకతో తీరదు. అపుడు సోవియటు వైద్యుడు ఇలిజారోవు కుర్గానులో సాధించిన వలయచట్రముతో ఎముకను దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీసి లోటు పూడ్చవలసివచ్చును.

ఒంటినిండ గాయములైనవానికి తొడశలాక ఎప్పుడు వేయవలెనను ప్రశ్న వేరు. తొడయెముక విరిగినపుడు తొడలోనే ఒక లీటరు మొదలు ఒకటిన్నర లీటరు వరకు నెత్తురు దాగియుండగలదు. స్థిమితముగా నున్నవానికి మొదటి దినముననే శలాక వేయుట వలన ఊపిరితిత్తుల చిక్కులు తగ్గునని 1980 దశకమున తేలినది. కాని ఛాతీ దెబ్బతిని, నెత్తురు పోయి చల్లబడినవానికి అదే చికిత్స ప్రాణాంతకము కావచ్చును. అట్టివానికి మొదట వెలుపలిచట్రముతో సరిపుచ్చి, దేహము కోలుకొన్న కొన్నిదినములకు శలాక వేయుట నేటి మర్యాద.

ఉపద్రవములలో అత్యవసరమైనది పిక్కలోని కండరగదులలో ఒత్తిడి పెరుగుట. బొటనవ్రేలిని మెల్లగా వంచినను రోగి భరించలేక కేకవేయుట దీని తొలిగుర్తు. మందు వేసినను తగ్గని అట్టి నొప్పిని ఓర్పులేమిగా ఎంచి తెల్లవారువరకు ఆగినచో కండరము చచ్చును, వెంటనే పొరలు కోసి ఒత్తిడి తీయవలెను. తొడ మెలిక తిరిగి అతుకుట మఱియొకటి. పదునైదు డిగ్రీలు మించిన తేడాతో నడక మారును, కావున బల్లమీదనే రెండవకాలితో పోల్చి చూడవలెను. అంతర్జంఘికలో శలాక వేసినవారిలో పలువురకు మోకాలిముందు నొప్పి మిగులును. కుర్చీలలో కూర్చుండు దేశములలో అది చిన్నబాధగా లెక్కింపబడినను, బాసిపట్టు వేసి భోజనము చేయువారికి, గొంతుకూర్చుని కలుపు తీయుట జీవనమైనవారికి అది పెద్ద లోపమే; శస్త్రచికిత్సకు ముందే రోగికి చెప్పదగినది.

ఈ విద్యకు కావలసిన సి-ఆర్మ్, లాగుడుబల్ల చాల దేశములలో జిల్లాకేంద్రములకైనను అందలేదు. వియత్నాం యుద్ధమున వైద్యుడుగా పనిచేసిన లూయిస్ జిర్కిల్ 1999లో వాషింగ్టన్ రాష్ట్రమున స్థాపించిన 'సైన్' సంస్థ, ఎక్స్-రే తెర అవసరము లేక, చేతితో త్రిప్పు తురుముపరికరములతోను, బయటి చట్రపు గురితోను మేకులు బిగింపదగిన గట్టిశలాకను తయారుచేసి, రోగి వివరములను ఎక్స్-రేలను తిరిగి పంపు షరతుపై పేదదేశముల ఆసుపత్రులకు ఉచితముగా ఇచ్చుచున్నది. మన ప్రాంతమున హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞానసంస్థ మొదట ఎముకల ఆసుపత్రిగనే 1960 దశకమున పుట్టినది; తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి కలదు; 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిదప ఆస్తి అమ్మకయే ఈ చికిత్స పొందిన కుటుంబములు పెక్కు.

అతికిన పిదప శలాకను తీయవలెనా యనునది రోగులు తప్పక అడుగు ప్రశ్న. బాధ లేనివారికి, అందును వృద్ధులకు, తీయనక్కరలేదు. యౌవనులలో మేకుతల చర్మమునకు ఒత్తుకొని నొప్పిపెట్టినను, చీము పట్టినను, మోకాలినొప్పి తగ్గకున్నను, ఏడాదిన్నర గడచి ఎక్స్-రేలో ఎముక పూర్తిగా నిండిన తరువాత తీయుదురు. తీయుట వేయుటకన్న సులభమని తలచుట పొరపాటు: శలాక పైకొనను ఎముక కప్పివేసియుండును, మేకుల తలలు అరిగియుండును, ఒక్కొక్క తయారీదారుని శలాకకు ఒక్కొక్క విధమైన మర యుండుటచే తగిన పరికరము లేక గంటలకొలది శ్రమపడుట కలదు. అందుచే శలాక ఎవరి తయారీయో, ఎంత వ్యాసమో, ఎంత పొడవో వ్రాసిన చీటీని ఆసుపత్రినుండి ఇంటికి పోవునాడే అడిగి తీసికొని, పట్టాకాగితములతోపాటు భద్రపరచుకొనవలెను.